ప్రశ్నే లేదు

ప్రేమావతి టీచరు తిరువూరులో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. ఆవిడకి ఒకటే బలహీనత. తన దగ్గర చదువుకున్నవాళ్లు ఎవరు పైకొచ్చినా అందులో తన చెయ్యి ఉందని గట్టిగా నమ్మేది. బ్యాంకు మేనేజర్ల దగ్గర్నుంచి బస్సు కండక్టర్ల దాకా ఊళ్లో సగంమంది ఆవిడ శిష్యులే కాబట్టి ఆ నమ్మకానికి ఎప్పుడూ లోటు రాలేదు. ఒక్క అంకారావు విషయంలోనే చిక్కొచ్చిపడింది. అతను పదో తరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పి, మూడోసారి సరిగ్గా ముప్పై ఐదు మార్కులతో గట్టెక్కి, బోరుబండ్ల వ్యాపారంలోకి దిగాడు. అలాంటివాడు ఎంపీ అయి కూర్చున్నాడు.

అది కూడా ఏ పార్టీ తరఫునా కాదు. టికెట్టు ఎవరూ ఇవ్వకపోతే ఇస్త్రీపెట్టె గుర్తు మీద ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. ఒక పార్టీలో అలిగినవాళ్లు తమ అభ్యర్థి మీద కసితో, రెండో పార్టీలో అలిగినవాళ్లు తమ అభ్యర్థి మీద కసితో, ఒకరికి తెలియకుండా ఒకరు వెళ్లి ఇస్త్రీపెట్టె మీద నొక్కారు. ఫలితం వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ కంగారుపడింది అంకారావే.

ఏప్రిల్ మొదటి వారంలో పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు ముగిశాయి. ఆ మర్నాడే అంకారావు ఒక ఫైలు చంకలో పెట్టుకుని టీచరు ఇంటికి వచ్చాడు. వెంట అతని పీఏ నవదీప్ ఉన్నాడు. నవదీప్‌కి ఇదివరకు బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీల షాపు ఉండేది. ఎన్నికల్లో అంకారావు ఫ్లెక్సీలన్నీ అతనే వేశాడు. గెలిచాక పీఏ అయ్యాడుగాని, ఏ సంగతి విన్నా అది ఎన్ని అడుగుల వెడల్పులో పడుతుందా అనే ఆలోచన మాత్రం పోలేదు.

"టీచర్ గారూ, మీరే దిక్కు. పార్లమెంటులో నేను ఏమేం చేశానో జనానికి చెప్పాలండి. పుస్తకం వేస్తున్నాం. ముప్పై రెండు పేజీలు. అంతా ఇంగ్లీషులో ఉంది, మీరు తెలుగు చేసి పెట్టాలి," అన్నాడు అంకారావు.

ముప్పై రెండు పేజీలనేసరికి టీచరు కళ్లజోడు తుడుచుకుని కూర్చుంది. ఫైలు తెరిస్తే లోపల మూడే కాగితాలున్నాయి.

మొదటిది హాజరు వివరం. ఒక్కరోజు కూడా మానలేదు. "ఈ బుద్ధి బళ్లో ఉంటే ఒక్కసారికే పాసయ్యేవాడివి కదరా," అంది టీచరు. ఎంపీని 'రా' అన్నానే అని నాలిక కరుచుకుంది. అంకారావు మురిసిపోయాడు.

రెండోది అతని ప్రసంగం. అధ్యక్షులవారికి దండం, సభకి దండం, తిరువూరు ప్రజలకి, విస్సన్నపేట ప్రజలకి, గంపలగూడెం ప్రజలకి దండం, నెమలి వేణుగోపాలస్వామికి దండం, తన తల్లిదండ్రులకి దండం. ఆ తర్వాత, "అధ్యక్షా, మా ప్రాంతంలో కోతులు" అని ఉంది. అక్కడితో కాగితం అయిపోయింది.

"కోతులు ఏం చేశాయి? తర్వాత పేజీ ఏదీ?"

"మైకు ఆపేశారండి. పెద్ద పార్టీలవాళ్లందరూ మాట్లాడాక మిగిలిన టైములో మాకు ఇస్తారు. నిమిషం పది సెకన్లు వచ్చింది."

"అందులో నిమిషం దండాలకే పెట్టావు."

"మర్యాద కదండీ," అన్నాడు అంకారావు దిగులుగా.

కోతుల సంగతి మాత్రం నిజంగానే పెద్ద సంగతి. నాలుగేళ్లుగా ఆ చుట్టుపక్కల మామిడి తోటల్లో వాటి ఆగడం అంతా ఇంతా కాదు. తినేది తక్కువ, కొరికి పారేసేది ఎక్కువ. ఊళ్లవాళ్లు చందాలేసుకుని పట్టించి, బోనుల్లో ఎక్కించి, తెలంగాణ హద్దు దాటించి వదిలిపెట్టేవారు. అవతలి ఊళ్లవాళ్లు కూడా అదే పనిచేసి వాటిని ఇటు వదిలేవారు. రాష్ట్రం రెండైన సంగతి కోతులకి ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకే అంకారావు దాని మీద పార్లమెంటులో రాతపూర్వకంగా ప్రశ్న కూడా వేశాడు. మూడో కాగితం అదే.

"నక్షత్రం గుర్తు లేని ప్రశ్న అంటారండి దీన్ని. గుర్తు ఉంటే మంత్రి లేచి జవాబు చెప్పాలి. లేకపోతే కాగితం మీద పంపిస్తారు," అని వివరించాడు అంకారావు.

"లేని సంగతి మనకెందుకు సార్? 'నక్షత్రంలాంటి ప్రశ్న' అని వేద్దాం," అన్నాడు నవదీప్.

టీచరు అతనికేసి ఒక్క చూపు చూసి, కాగితం చదివింది. ప్రశ్నలో నాలుగు భాగాలున్నాయి. రాష్ట్రాల సరిహద్దులో కోతుల వల్ల మామిడి పంట పాడవుతున్న సంగతి ప్రభుత్వానికి తెలుసా? తెలిస్తే వివరాలేంటి? వాటిని అడవులకు తరలించే ఆలోచన ఉందా? ఉంటే ఎప్పటిలోగా? ఇంతకీ జవాబు రెండు ముక్కలు. మొదటిదానికి, అలాంటి నివేదిక ఏదీ మాకు అందలేదు. మిగతా మూడింటికీ కలిపి, ప్రశ్న ఉత్పన్నం కాదు.

టీచరు తెలుగులో ఆ మాటే రాసింది. అంకారావు చదివి మొహం వేలాడేశాడు.

"ఉత్పన్నం అంటే నాకే అర్థం కాలేదు. జనానికి ఏం అర్థమవుద్దండీ? కొంచెం తేలిక తెలుగులో పెట్టండి."

"వెనక అట్ట మీద మీ ఫొటో వేస్తున్నామండి మేడమ్," అన్నాడు నవదీప్, ఆ సంగతి ఇప్పుడే గుర్తొచ్చినట్టు. "కింద 'తెలుగు అనువాదం: ఎంపీ గారి గురువు శ్రీమతి ప్రేమావతి గారు' అని. కలర్లో."

టీచరు కలం నోటి దగ్గర పెట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత 'ఉత్పన్నం కాదు' కొట్టేసి, పైన 'ప్రశ్నే లేదు' అని రాసింది. నిఘంటువు ముందు పెట్టి అడిగినా అది తప్పని ఎవరూ అనలేరు. కానీ ఆ మాటని ఇంకో రకంగా కూడా చదువుకోవచ్చని ఆ క్షణంలోనే ఆవిడకి తట్టింది. తట్టినా కలం మూత పెట్టేసింది.

పుస్తకం ముప్పై రెండు పేజీలూ వచ్చింది. ఇరవై ఆరు పేజీలు ఫొటోలే. అంకారావు పార్లమెంటు మెట్లెక్కుతూ, దిగుతూ, మళ్లీ ఎక్కుతూ. నివేదిక అందలేదన్న మొదటి జవాబు పేజీలో పట్టలేదని నవదీప్ తీసేశాడు. ఊళ్లో నాలుగు చోట్ల ఫ్లెక్సీలు లేచాయి. "కోతుల తరలింపు: ఇక ప్రశ్నే లేదు! పార్లమెంటు సాక్షిగా కేంద్రం జవాబు. సాధించిన మన అంకారావు."

రెండ్రోజుల్లో తిరువూరు అంతా అదే మాట. టీ కొట్ల దగ్గర ఒకరు లారీలొస్తున్నాయన్నారు, ఇంకొకరు హెలికాప్టరన్నారు. బస్టాండులో ఇద్దరు రైతులు పోట్లాడుకున్నారు కూడా. కేంద్రం మన కోతుల్నే తీసుకెళ్తుందా, తెలంగాణ కోతుల్ని కూడా కలిపి తీసుకెళ్తుందా, కలిపైతే మనకి అన్యాయం కాదా అని. ఆదివారం చర్చిలో ఇమ్మాన్యుయేల్ పాస్టరు గారు ప్రార్థనలో, "పంటలను పాడుచేయు జంతువులను మా మధ్యనుండి తీసివేయుచున్నందుకు" దేవుడికి వందనాలు చెప్పి, అందుకు సాధనమైన ఎంపీ గారిని, ఆయన గురువుగారిని కూడా జ్ఞాపకం చేసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న టీచరు తల ఇంకొంచెం వంచుకుంది. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు.

ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటుంటే పుల్లమ్మ వచ్చి నిలబడింది. పుల్లమ్మ హనుమాయమ్మ గారి మామిడి తోటలో కాపలా మనిషి. కాయ పిందెగా ఉన్నప్పటి నుంచి కోత అయ్యేదాకా తెల్లారకముందే వెళ్లి, చీకటి పడేదాకా వడిసెలతో రాళ్లు రువ్వుతూ, డబ్బా మోగిస్తూ కోతుల్ని తోలేది. ఏడాదిలో ఆ మూడు నెలలే ఆమెకి నికరమైన పని.

"టీచరమ్మా, కోతుల్ని ఎప్పుడు తీసకపోతారంట?" అని అడిగింది.

"ఎందుకు పుల్లమ్మా?"

"తీసకపోయినాక మళ్లీ ఒదిలిపెడతారేమో కనుక్కుందామని. అమ్మగారు నన్ను రావొద్దన్నారు. గవర్నమెంటే వచ్చి తోలకపోతంటే ఇంక నీతో ఏం పని అన్నారు. శుక్రవారం నుంచి ఇంటికాడే ఉంటన్నా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు టైము అడిగినట్టు అడిగింది. టీచరు మాత్రం "నేను కనుక్కుని చెప్తా," అని, ఎవరితోనూ మాట్లాడకుండా ఆటో ఎక్కి నేరుగా హనుమాయమ్మ గారింటికి వెళ్లింది.

హనుమాయమ్మ గారికి విస్సన్నపేట రోడ్డులో పన్నెండెకరాల తోట ఉంది. సగం బంగినపల్లి, సగం కలెక్టరు కాయ. మంచి మనిషే. మర్యాదగా కూర్చోబెట్టి, పుచ్చకాయ ముక్కలు పెట్టింది.

"హనుమాయమ్మ గారూ, ఆ పుస్తకంలో ఉన్నదానికి మీరనుకున్న అర్థం కాదండీ," అంది టీచరు.

హనుమాయమ్మ లోపలికెళ్లి పుస్తకం తెచ్చింది. వెనక అట్ట తిప్పి చూపించింది. "ఇది మీరేగా?"

"నేనే."

"మీరు తెలుగు చేసిందేగా ఇది?"

"నేనే చేశాను."

"మరి తప్పు రాశారా?"

"తప్పు కాదండీ. కానీ..."

"తప్పు కానప్పుడు ఇంకేంటండీ? ఇంగ్లీషులో మీకంటే తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు?" అంది హనుమాయమ్మ నిజమైన గౌరవంతో. టీచరు చేతిలోని పుచ్చకాయ ముక్కని పళ్లెంలో పెట్టేసి లేచింది.

ఇంటికొచ్చి అంకారావుకి ఫోన్ చేసింది. అతను విన్నాడు, నొచ్చుకున్నాడు కూడా. "బుధవారం మార్కెట్ యార్డులో నివేదన సభ ఉంది కదండీ. అది అయిపోనివ్వండి. తర్వాత మెల్లగా సర్దుదాం. సభలో మీకు శాలువా కూడా అనుకున్నాం."

ఆ మూడు రోజుల్లో కోతులు హనుమాయమ్మ గారి తోటలో కాపలా లేదని కనిపెట్టాయి. మంగళవారం సాయంత్రానికి కలెక్టరు కాయ చెట్ల కింద కొరికి పారేసిన కాయలు అడుగు పెట్టడానికి సందు లేకుండా పడ్డాయి. హనుమాయమ్మ కేంద్రం లారీల కోసం రోడ్డు మీదికి రెండుసార్లు వచ్చి చూసింది.

బుధవారం పొద్దున పదింటికి మార్కెట్ యార్డు షెడ్డు నిండిపోయింది. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. నవదీప్ స్వాగతం చెప్పాడు. అంకారావు గంటసేపు మాట్లాడాడు. నిమిషం పది సెకన్ల ప్రసంగాన్ని గంట చెప్పడమంటే మాటలు కాదు. పార్లమెంటు ద్వారం దగ్గర తనిఖీ ఎలా చేస్తారో, క్యాంటీనులో ఏం దొరుకుతుందో, తన సీటు ఎంత వెనక ఉంటుందో, అక్కణ్నుంచి మంత్రుల వీపులు ఎలా కనపడతాయో అన్నీ చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు. తర్వాత గురుపూజ అన్నారు. శాలువా కప్పారు. "రెండు మాటలు" అని నవదీప్ మైకు టీచరు చేతికిచ్చాడు.

ఆవిడ శాలువా తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది.

"అందరూ బాగున్నారా? ఒక చిన్న సంగతి అడుగుతాను. మీరు బస్టాండుకెళ్లి, 'విస్సన్నపేట బస్సు ఎన్నింటికి?' అని అడిగారు. 'అసలు ఆ బస్సే లేదు, ఎన్నింటికని అడుగుతావేంటి?' అన్నారు అక్కడివాళ్లు. మీకు బస్సు దొరికినట్టా, లేనట్టా?"

"లేనట్టే," అన్నారు నలుగురైదుగురు, క్లాసులోలాగే.

"ఢిల్లీ వాళ్లు ఇచ్చిన జవాబు అదే. కోతుల మీద మాకు నివేదికే రాలేదు, కాబట్టి వాటిని ఎప్పుడు తీసుకెళ్తారనే ప్రశ్నే లేదు. అదీ పూర్తి వాక్యం. లారీలు రావడంలేదు. ఎవరూ రావడంలేదు."

జనం మజ్జిగ ప్యాకెట్లు పక్కన పెట్టి ఒకరికేసి ఒకరు చూసుకున్నారు.

"అంటే మనకి కోతులు లేవంటారా?" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు.

"వాళ్ల కాగితాల్లో లేవు," అంది టీచరు.

నవదీప్ గబగబా ఆంప్లిఫయరు దగ్గరికి వెళ్లి, బటన్ మీద వేలు పెట్టి అంకారావుకేసి చూశాడు. ఎర్రబడిన మొహంతో కూర్చున్న అంకారావు ఒక్క క్షణం ఆ వేలుకేసి చూశాడు. "ఉంచు నవదీపూ. మాట్లాడనీ," అన్నాడు.

టీచరు అది విని, ఇక దాచకూడదనుకుంది. "నేను రాసిన మాటకి రెండు అర్థాలు ఉన్నాయని నాకు రాసేటప్పుడే తెలుసు. అంకారావు నన్ను అబద్ధం రాయమనలేదు. వెనక అట్ట మీద బొమ్మ వేస్తామంటే ఆశపడ్డాను. దానివల్ల ఒక మనిషి పని పోయింది. నన్ను క్షమించండి." మైకు బల్ల మీద పెట్టి కూర్చుంది. ఇప్పుడు గొడవ మొదలవుతుందని, అంకారావు పరువు పోతుందని, తన పరువు ఎటూ పోయిందని అనుకుంటూ కళ్లు మూసుకుంది.

అంకారావు మెల్లగా లేచాడు. మైకు తీసుకుని, ఈసారి దండాలు పెట్టకుండా మొదలుపెట్టాడు.

"ఇన్నేళ్లలో ఎంతమంది ఎంపీలు మీ ముందుకొచ్చి నిలబడ్డారు? అది తెచ్చాం, ఇది తెచ్చాం అన్నవాళ్లే గాని, ఢిల్లీలో నాకు 'లేదు' అన్నారని మీకు చెప్పినవాడు ఒక్కడున్నాడా?"

జనం ఆలోచించారు. ఎవరికీ ఎవరూ గుర్తురాలేదు.

"పార్టీవాడైతే చెప్పలేడు, పైనవాళ్లు ఒప్పుకోరు. నేను ఇండిపెండెంటుని. నాకు పైన ఎవరూ లేరు. మా టీచరు గారిని స్టేజీ ఎక్కించి, నాకు 'లేదు' అన్నారని ఆవిడ నోటితోనే చెప్పించాను!"

ముందు వరసలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. తర్వాత పక్కాయన. క్షణంలో షెడ్డు రేకులు అదిరిపోయాయి. టీచరు కళ్లు తెరిచి చూసేసరికి ఇద్దరు కుర్రాళ్లు అంకారావుని భుజాల మీదికి ఎత్తుతున్నారు. ఇందులో అంకారావు చెప్పించింది ఏమీ లేదని ఆవిడ పక్కన కూర్చున్న సర్పంచితో అనబోయింది. సర్పంచి కూడా లేచి చప్పట్లు కొడుతున్నాడు.

ఆ సందడిలోంచి హనుమాయమ్మ గొంతు ఖంగుమంది. "అదంతా సరే అంకారావూ, నా కాయల సంగతేంటి?"

కుర్రాళ్లు అతన్ని కిందికి దింపారు. అంకారావు మెడ రుద్దుకుంటూ టీచరుకేసి చూశాడు. పరీక్షలో పక్కవాడి పేపరుకేసి చూసిన చూపే అది.

"నివేదిక అందలేదన్నారు కాబట్టి నివేదిక పంపండి," అంది టీచరు. "ఎవరి తోటలో ఎంత పోయిందో ఎవరికి వాళ్లు రాసి సంతకం పెట్టండి. ఈసారి అందలేదనడానికి వీల్లేకుండా రిజిస్టరు పోస్టులో పంపుదాం."

రెండింటిదాకా ఆవిడ అక్కడే కూర్చుని రాయించింది. నూట అరవై కాగితాలొచ్చాయి. కొందరు కోతులతోపాటు పింఛన్ల సంగతి, అల్లుడి ట్రాన్స్‌ఫరు సంగతి, తిరుపతి దర్శనం లెటరు సంగతి కూడా రాశారు. వాటిని ఎర్ర పెన్నుతో కొట్టేసింది. మర్నాటికి ఫ్లెక్సీలు మారాయి. "లేదన్నారు... దాచలేదు మన అంకారావు!" అని ఇంతకుముందు వాటికంటే రెండడుగులు ఎక్కువ వెడల్పుతో వేశాడు నవదీప్.

సభ అయిన సాయంత్రం హనుమాయమ్మ, టీచరు కలిసి పుల్లమ్మ ఇంటికెళ్లారు. వాళ్లని చూసి పుల్లమ్మ లేచి నిలబడిందిగాని, తొందరపడలేదు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు రెండు వేసి, తను మెట్టు మీద కూర్చుంది.

"రేపట్నించి వచ్చెయ్ పుల్లమ్మా," అంది హనుమాయమ్మ.

"వస్తానమ్మగారూ. కానీ ఒక్కదాన్నయితే రాను. ఆ తోటకి ఇద్దరు మనుషులు కావాల. నేను తూరుపు పక్కకి పోతే అయి పడమటి పక్క దిగుతున్నయ్. మా తోడికోడలు వస్తది. నీడకి ఒక పాక ఎయ్యాల. కోత అయ్యేదాకా మధ్యలో మానమనకూడదు."

హనుమాయమ్మ నసిగింది. చెట్ల కింద పడున్న కాయలు గుర్తొచ్చి ఒప్పుకుంది.

"ఒప్పుకుంటే కాయితం రాయండి. టీచరమ్మ ఉందిగా," అంది పుల్లమ్మ.

టీచరు సంచిలోంచి తెల్లకాగితం తీసింది. హనుమాయమ్మ చెబుతుంటే రాసింది. అయిదు వాక్యాలు. రాసినదాన్ని పైకి చదివి వినిపించింది. పుల్లమ్మ మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకుని విని, మళ్లీ చదవమంది. రెండోసారి నాలుగో వాక్యం దగ్గర చెయ్యెత్తింది.

"'వీలైనంతవరకు మధ్యలో మాన్పించకుండా' అన్నారే. ఆ వీలైనంతవరకు అంటే ఏంది?"

టీచరు హనుమాయమ్మకేసి చూసింది. హనుమాయమ్మ వీధిలో పోతున్న ఆటోకేసి చూసింది.

"ఏం లేదు పుల్లమ్మా," అంది టీచరు. కాగితాన్ని తొడ మీద పెట్టుకుని, ఆ ఒక్క మాటనీ అక్షరం కూడా కనపడకుండా కొట్టేసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టింది.